పాఠకుల ప్రశ్నలు: ‘నిహిలిటీ’ ఎక్కడి మాట?

ప్రశ్న: తత్త్వశాస్త్రం చదువుతున్నాను. జపాను తాత్త్వికుడు కీజి నిషితానీ గ్రంథానికి వచ్చిన ఇంగ్లీషు అనువాదంలో ఒక అధ్యాయాన్ని తెలుగులోకి తెచ్చే ప్రయత్నం చేస్తున్నాను. అందులో ‘నిహిలిటీ’ అనే మాట పదే పదే వస్తోంది. మామూలు ఇంగ్లీషులో ఇది నాకు ఎక్కడా తగల్లేదు. నిఘంటువులో ‘ఏమీ లేకపోవడం’ అని ఉంది. ఈ మాట ఎలా పుట్టింది? ‘నిల్’, ‘నిహిలిజం’ అనే మాటలతో దీనికి చుట్టరికం ఉందా? దీన్ని తెలుగులో ‘శూన్యత’ అని రాయవచ్చునా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలో చివరిది అన్నిటికంటే కష్టమైనది. దానికి జవాబు మొదటి ప్రశ్నలోనే దాగి ఉన్నది కాబట్టి మాట పుట్టుకతోనే మొదలుపెడతాను.

‘నిహిలిటీ’ ఇంగ్లీషులో పుట్టిన మాట కాదు. మధ్యయుగాల లాటిన్ పండితులు వాడిన ‘నిహిలితాస్’ అనే భావవాచకాన్ని 17వ శతాబ్దంలో ఇంగ్లీషు పండితులు తమ భాషలోకి తెచ్చుకున్నారు. చివరనున్న ‘ఇటీ’ మన ‘తనం’ వంటి ప్రత్యయం. దాన్ని తీసేస్తే మిగిలేది ‘నిహిల్’, అంటే లాటిన్‌లో ‘ఏమీ లేదు’ అని. ఈ నిహిల్ కుదించుకుపోయి ‘నిల్’ అయింది. భూమి కొనేవారు రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి తీసుకునే ఈసీలో తాకట్టులు, లావాదేవీలు ఏవీ లేకపోతే ‘నిల్ ఈసీ’ వచ్చిందని ఊపిరి పీల్చుకుంటారు. వ్యాపారం జరగని నెలలో దుకాణదారు జీఎస్టీకి ‘నిల్ రిటర్ను’ వేస్తాడు. ఆ నిల్, మీ పుస్తకంలోని నిహిలిటీ ఒక్క తల్లి బిడ్డలే. ఒకటి అంగళ్లలోకి, ఆఫీసుల్లోకి వచ్చి అందరి నోళ్లలో నలిగింది, రెండవది తాత్త్వికుల పుస్తకాలు దాటి బయటికి రాలేదు.

ఇక నిహిల్‌ను విప్పి చూద్దాం. ఇది ఒకే మాటలా కనిపించినా నిజానికి రెండు మాటల కలయిక. ‘నె’ అంటే కాదు, లేదు. రెండవది ‘హీలుం’. ఈ రెండూ కలిసి ‘నిహిలుం’ అయింది, చివరి అక్షరాలు అరిగి ‘నిహిల్’ అయింది, ఇంకా అరిగి ‘నిల్’ అయింది. అయితే ఈ హీలుం అంటే ఏమిటి? రోమన్ నిఘంటుకారుడు ఫెస్టస్ కూర్చిన పదకోశానికి 8వ శతాబ్దంలో పాల్ అనే పండితుడు చేసిన సంగ్రహం మనకు మిగిలింది. చిక్కుడు జాతి గింజకు అంటుకుని ఉండేదే హీలుం అనీ, దానినుంచే నిహిల్, నిహిలుం అనే మాటలు వచ్చాయనీ జనం అనుకుంటారని అందులో ఉన్నది.

ఈ వాక్యం చిత్తూరు వాసికి అర్థమైనంత సులభంగా మరెవరికీ అర్థం కాదని నా నమ్మకం. చలికాలంలో అనపకాయలు సంతకు దిగినప్పుడు ఒక గింజను చేతిలోకి తీసుకుని దాని అంచును చూడండి. తెల్లని సన్నని గీత ఒకటి కనిపిస్తుంది. గింజ కాయలో ఉన్నంతకాలం తల్లి కాయను అంటిపెట్టుకుని ఆహారం తీసుకున్న చోటు అదే. పితికిపప్పు కోసం గింజలను నానబెట్టి పితికినప్పుడు పప్పు జారి చేతిలోకి వస్తుంది, ఆ గీత తొక్కతో పాటు పోతుంది. దాన్ని ఎవరూ తూచరు, ఎవరూ వండరు, దానికి వెల లేదు. రోమన్లు చెప్పిన గింజ మన అనప కాదు, వారు ‘ఫాబా’ అని పిలిచిన వేరొక చిక్కుడు. అయినా రెండూ ఒకే కుటుంబానివి, ఆ కుటుంబానికి వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన ‘ఫాబేసీ’ అన్న పేరు కూడా ఆ ఫాబా నుంచి వచ్చినదే. ఫెస్టస్ మాటను బట్టి చూస్తే నిహిల్ అంటే ‘గింజ అంచున ఉన్న ఆ గీతంత కూడా లేదు’ అని అర్థం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ పదకోశమే ‘అనుకుంటారు’ అని చెప్పి ఊరుకుంది తప్ప ‘ఇది నిశ్చయం’ అనలేదు. హీలుం అసలు మూలం గురించి ఆధునిక వ్యుత్పత్తి శాస్త్రజ్ఞులు ఏకాభిప్రాయానికి రాలేదు. దారం అనే అర్థమున్న ‘ఫీలుం’ అనే లాటిన్ మాటకు ఇది మాండలిక రూపమేమోనని కొందరు ఊహించారు. అది గింజ గీత అయినా, దారపు పోగు అయినా, అందరూ అంగీకరించే సంగతి ఒకటే: హీలుం అంటే లెక్కలోకి రానంత చిన్న వస్తువు, దాన్ని కూడా కాదన్న మాటే నిహిల్.

ఇది కేవలం పదకోశం మీద ఆధారపడిన మాట కూడా కాదు. లాటిన్ కవిత్వంలో హీలుం విడిగా, కళ్లెదుట కనిపిస్తుంది. క్రీస్తుకు పూర్వం 239 నుంచి 169 వరకు జీవించిన రోమన్ కవి ఎన్నియస్ భూమిని గురించి ఒక పాదం రాశాడు. భూమి తాను ఇచ్చినదాన్ని తానే తిరిగి తీసుకుంటుంది, హీలుం అంత కూడా నష్టపోదు అని దాని తాత్పర్యం. ఒక పాత కవి పాదాన్ని రోమన్ వక్త సిసెరో ఉటంకించాడు. అందులో, ఎప్పటికీ బండను కొండపైకి దొర్లిస్తూ ఉండాలని శిక్ష పడిన గ్రీకు పురాణ పురుషుడు సిసిఫస్ చెమటోడ్చి బండను దొర్లిస్తూనే ఉంటాడు, హీలుం అంత కూడా ముందుకు సాగడు. అన్నిటికంటే నాకు ప్రియమైనది రోమన్ కవి లుక్రీషియస్ కావ్యం మూడవ సర్గలోని 830వ పాదం. మరణం మనకు ఏమీ కాదు, హీలుం అంత కూడా మనకు సంబంధించదు అంటాడు ఆ కవి. ఆ పాదం మొదటి మాట ‘నిల్’, చివరి మాట ‘హీలుం’. తల్లినీ బిడ్డనూ ఒకే పాదానికి రెండు కొసల్లో నిలబెట్టిన ఆ రచనను చూస్తే, నిహిల్‌లోని హీలుంను గుర్తుపట్టగల చెవి ఆ కాలపు పాఠకులకు ఇంకా ఉండేదని అనిపిస్తుంది. మూడు చోట్లా హీలుం నిషేధంతో కలిసే వచ్చిందన్న సంగతి కూడా గమనించండి.

ఇలా ఎందుకు జరుగుతుంది? ‘లేదు’ అన్న మాటను రోజుకు వందసార్లు అంటాం కాబట్టి దాని బలం తగ్గిపోతుంది. బలం కావలసినప్పుడు మనిషి తనకు తెలిసిన అతి చిన్న వస్తువును వెతికి పట్టుకుని అది కూడా లేదంటాడు. తెలుగువాడు ‘డబ్బు లేదు’ అని ఊరుకోడు, ‘చిల్లిగవ్వ లేదు’ అంటాడు. గవ్వలు నాణాలుగా చెల్లిన కాలంలో చిల్లుపడిన గవ్వకు విలువ లేదు, అది కూడా లేదంటే ఇక ఏం మిగిలింది? ‘వీసమెత్తు అనుమానం లేదు’ అంటాం, వీసం అంటే పదహారో వంతు. ‘ఇసుమంత జాలి లేదు’ అంటాం, ఇసుము అంటే ఇసుక. నలుసంత, పిసరంత, ఆవగింజంత, రవ్వంత, ఇలా ఎన్నో ఉన్నాయి. ఆ రవ్వంతే మన సీమలో ‘రోంత’ అయి, వస్తువు మరుగునపడి పరిమాణం మాత్రమే మిగిలింది.

ఫ్రెంచి భాష ఈ దారిలో మరీ దూరం పోయింది. అక్కడ ‘నె’ ఒక్కటే నిషేధం చెప్పేది. దానికి బలంగా నడవడం లేదనడానికి ‘పా’ చేర్చి ఒక్క అడుగు కూడా నడవనన్నారు, తినడం లేదనడానికి ‘మీ’ చేర్చి రొట్టె పొడి కూడా తిననన్నారు, తాగడం లేదనడానికి ‘గూత్’ చేర్చి చుక్క కూడా తాగనన్నారు. కాలక్రమంలో ‘పా’ మిగిలినవాటిని తోసేసి అన్ని క్రియల పక్కనా చేరింది. నేటి వాడుక ఫ్రెంచిలో అసలైన ‘నె’నే వదిలేసి ‘పా’ ఒక్కదానితో కాదనేస్తున్నారు, అంటే ‘అడుగు’ అనే అర్థమున్న మాట ఇప్పుడు ‘కాదు’ అయింది. ‘ఏమీ లేదు’ అనడానికి ఫ్రెంచివారు వాడే ‘రియాఁ’ కూడా లాటిన్‌లో ‘వస్తువు’ అనే అర్థమున్న ‘రెం’ నుంచి వచ్చినదే. భాషల్లో నిషేధం ఇలా బలహీనపడి, పక్క మాటతో బలం తెచ్చుకుని, చివరకు ఆ పక్క మాటే నిషేధంగా మారే క్రమాన్ని డేనిష్ భాషాశాస్త్రజ్ఞుడు ఒట్టో యెస్పర్సన్ 1917లో వివరంగా రాశాడు. తరువాత వచ్చినవారు దాన్ని ‘యెస్పర్సన్ చక్రం’ అని పిలుస్తున్నారు.

ఇంగ్లీషు తన సొంత సరుకుతో చేసింది కూడా ఇదే పని. పాత ఇంగ్లీషులో ‘విహ్ట్’ అంటే ఏదో ఒక ప్రాణి, ఏదో ఒక వస్తువు. దాని ముందు నిషేధం చేరి ‘నాట్’ పుట్టింది. ‘నాట్’ అంటే శూన్యం అనే పాత మాటా, ‘కాదు’ అని బడిపిల్లలు మొదటి పాఠంలో నేర్చుకునే ‘నాట్’ మాటా ఆ ఒక్క మూలం నుంచే వచ్చాయి. కంప్యూటర్ వాళ్లు రోజూ వాడే ‘నల్’ సంగతి కూడా చెప్పాలి. అది లాటిన్ ‘నుల్లుస్’, అందులోని ‘ఉల్లుస్’ ఒకటి అనే అర్థమున్న ‘ఊనుస్’కు అల్పార్థక రూపం. కాబట్టి నల్ అంటే ‘చిన్నపాటి ఒక్కటి కూడా లేదు’ అని.

హీలుం మాత్రం పూర్తిగా మరుగున పడలేదు. వృక్షశాస్త్రజ్ఞులు గింజ మీది ఆ మచ్చకు ‘హైలం’ అని పేరు పెట్టుకున్నారు, వైద్యులు ఊపిరితిత్తిలోకి, మూత్రపిండంలోకి రక్తనాళాలు ప్రవేశించే చోటును కూడా అదే పేరుతో పిలుస్తారు.

నిహిల్ సంతానంలో ‘అనైహిలేట్’ అనే క్రియ ఉన్నది, అంటే నిహిల్ స్థితికి చేర్చడం, రూపుమాపడం. భౌతికశాస్త్రంలో ఎలక్ట్రాను, దాని ప్రతికణమైన పాజిట్రాను ఎదురుపడి అంతరించడాన్ని ‘అనైహిలేషన్’ అంటారు గాని అక్కడ ఏమీ మిగలకపోవడం లేదు. సాధారణంగా ఒక్కొక్కటి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల రెండు గామా కిరణాలు పుడతాయి, ఆస్పత్రిలో పెట్ స్కాన్ పనిచేసేది ఆ కిరణాలను పట్టుకునే. పేరు సర్వనాశనమని చెబుతున్నా లెక్కలో శక్తి ఇసుమంత కూడా తగ్గదు.

‘నిహిలిజం’ను తాత్త్విక చర్చలో ప్రముఖంగా నిలిపినవాడు జర్మన్ తాత్త్వికుడు యాకోబీ, 1799లో మరో జర్మన్ తాత్త్వికుడు ఫిఖ్టేకు రాసిన లేఖలో. అది సామాన్య పాఠకుల దాకా వెళ్లింది 1862లో రష్యన్ రచయిత తుర్గేన్యెవ్ నవల ‘తండ్రులూ కొడుకులూ’ వెలువడిన తరువాత. అది ఏ విలువకూ, ఏ నమ్మకానికీ ఆధారం లేదనే ఒక వాదానికి పేరు. మీ నిహిలిటీ ఒక స్థితికి పేరు, ఆ రెండింటినీ కలపవద్దు.

ఇప్పుడు మీ అనువాదం దగ్గరకు వద్దాం. ‘శూన్యత’ అని రాయవద్దని నా గట్టి సలహా, ముఖ్యంగా నిషితానీ విషయంలో. ఆయన గ్రంథం జపానులో 1961లో, ఇంగ్లీషులో 1982లో వచ్చింది. అందులో ‘నిహిలిటీ’ అని ఇంగ్లీషు చేసిన జపాను మాట ‘క్యోము’. దానికి భిన్నంగా ‘కూ’ అనే మరో మాట ఉన్నది, అది బౌద్ధుల శూన్యత. మనిషి బతుకుకు ఉన్న అర్థాలన్నీ కాలికింది నేల కూలినట్టు కూలిపోయే స్థితి మొదటిది, దాన్ని దాటి చేరవలసిన స్థితి రెండవది అని నిషితానీ వాదం. రెండింటినీ ‘శూన్యత’ అంటే ఆయన గ్రంథమంతా నిలబడ్డ భేదాన్ని మీ అనువాదం ఒక్క మాటతో చెరిపేస్తుంది.

ఈ హెచ్చరిక నిజానికి నాది కాదు. బౌద్ధాచార్యుడు నాగార్జునుడు తన మూలమధ్యమక కారికలు అనే గ్రంథంలో ఈ సంగతే చెప్పాడు. 24వ ప్రకరణంలోని 11వ కారికలో, సరిగా గ్రహించని శూన్యత మందబుద్ధిని నాశనం చేస్తుందని, పట్టరాని చోట పట్టుకున్న పాములాగా, తప్పుగా సాధించిన విద్యలాగా అని అంటాడు. అదే ప్రకరణం 18వ కారికలో ఏది ప్రతీత్యసముత్పాదమో దాన్నే శూన్యత అంటున్నామని స్పష్టం చేస్తాడు. అంటే వస్తువులు ఒకదానిపై ఒకటి ఆధారపడి పుడతాయి, దేనికీ తనదైన స్వభావం లేదు అని అర్థం తప్ప ‘ఏమీ లేదు’ అని కాదు. నాగార్జునుడి పేరు మోసే కొండ ఉన్న రాష్ట్రంలో, ఆయన మాటను ఆయనే వద్దన్న అర్థంలో వాడడం నాకు బాధగా ఉంటుంది.

మరి ఏం రాయాలి? తర్కశాస్త్రంలో ‘అభావం’ ఉన్నది. తిరుపతిలో సంస్కృతం చదివేవారు మొదట్లోనే పట్టే తర్కసంగ్రహంలో పదార్థాలు ఏడు, ఏడవది అభావం, అది ప్రాగభావం, ప్రధ్వంసాభావం, అత్యంతాభావం, అన్యోన్యాభావం అని నాలుగు విధాలు. కుండ పుట్టకముందు లేకపోవడం వేరు, పగిలాక లేకపోవడం వేరు అని ఇంత నిశితంగా విడదీసిన శాస్త్రం మనకు ఉండడం గర్వించదగ్గ విషయమే. అయితే అభావం ఎప్పుడూ ఒక వస్తువు లేకపోవడం: కుండ అభావం, గుడ్డ అభావం. నిహిలిటీ అన్నీ లేకపోవడం, అది వేరు. ‘నాస్తి’ కూడా పనికివచ్చేదే గాని, ‘ఆస్తి’ తెలుగులో పొలాలకూ ఇళ్లకూ పేరైపోయిన తరువాత ‘నాస్తి’ వినగానే పాఠకుడి మనసు డబ్బు వైపు పోతుంది.

నాకు నచ్చిన మాట ‘ఉనికిలేమి’. లేమి అచ్చమైన తెలుగు భావవాచకం, ‘లే’ అనే వ్యతిరేక ధాతువు నుంచి పుట్టినది. విడిగా వాడితే పేదరికం అన్న అర్థం వస్తుందిగాని నిద్రలేమి, తెలివిలేమి వంటి సమాసాల్లో అది మూలార్థాన్నే నిలుపుకున్నది. నిహిలిటీకి ‘ఉనికిలేమి’, బౌద్ధ సందర్భంలో ‘శూన్యత’ అని మొదటి నుంచి చివరి వరకు పాటిస్తే నిషితానీ వాదం మీ తెలుగులో తేటగా నిలుస్తుంది.

ప్రశ్న: ఇంగ్లీషు ‘జీరో’ కూడా ఇలాగే ఏదో చిన్న వస్తువును కాదనడం వల్ల పుట్టినదేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: కాదండీ, దాని దారి పూర్తిగా వేరు, అది మన దేశం నుంచి బయలుదేరినది. సంస్కృత ‘శూన్య’ శబ్దాన్ని ఉబ్బడం అనే అర్థమున్న ‘శ్వి’ ధాతువుతో ముడిపెడతారు. ఉబ్బినదాని లోపల బోలుగా ఉంటుంది కనుక ఖాళీ అన్న అర్థం వచ్చిందని వివరణ. మన లెక్కలు అరబ్బులకు చేరినప్పుడు వారు శూన్యాన్ని ‘సిఫ్ర్’ అని, అంటే ఖాళీ అని, తమ భాషలోకి అనువదించుకున్నారు. ఉర్దూ మాట్లాడేవారు నేటికీ సున్నను ‘సిఫర్’ అనే అంటారు. ఇటలీకి చెందిన ఫిబొనాచ్చి 1202లో రాసిన గణిత గ్రంథం మొదట్లోనే భారతీయుల తొమ్మిది అంకెలను చూపి, వాటితోనూ అరబ్బులు ‘జెఫిరుం’ అనే గుర్తుతోనూ ఏ సంఖ్యనైనా రాయవచ్చునని చెప్పాడు. ఆ జెఫిరుం ఇటలీవారి నోట అరిగి ‘జీరో’ అయింది. అదే సిఫ్ర్ మరో దారిన ఫ్రెంచి మీదుగా పోయి ఇంగ్లీషులో ‘సైఫర్’ అయింది. సైఫర్ మొదట సున్న, తరువాత ఏ అంకె అయినా, ఆపైన అంకెలతో రాసే రహస్య లిపి. నిహిల్ చిన్న వస్తువును కాదనడంతో పుట్టింది, శూన్యం బోలుతనాన్ని చూపడంతో పుట్టింది. అందుకే సున్నకు లెక్కలో స్థానం దొరికింది, నిహిల్‌కు దొరకలేదు అని నా అభిప్రాయం.

ప్రశ్న: మన పెద్దవాళ్లు ‘హళ్లికి హళ్లి, సున్నకు సున్న’ అంటారు. సున్న తెలుసు, హళ్లి ఏమిటి?
– ఒక గృహిణి, పలమనేరు

జవాబు: అమ్మా, ఇంగ్లీషులో నిహిలిటీ ఎంత అరుదో తెలుగులో హళ్లి అంతకంటే అరుదు, ఈ ఒక్క సామెత పట్టుకుని బతుకుతున్నది. అయితే అది అర్థం లేని జంటమాట కాదు, లెక్కల మాట.

పూర్వం మన కరణాలు, వ్యాపారులు భిన్నాలను నాలుగేసి వంతులుగా విడగొట్టి రాసేవారు. ఒకటిని నాలుగు చేస్తే కాలు, కాలును నాలుగు చేస్తే వీసం, అంటే 1/16, వీసాన్ని నాలుగు చేస్తే కాని, అంటే 1/64. ఇలా కిందికి పోతూ ఉంటుంది. ప్రతి స్థానంలోనూ ఒకటి, రెండు, మూడు మాత్రమే ఉండగలవు, నాలుగైతే పై స్థానానికి పోతుంది. కాలు స్థానంలోని అంకెలను నిలువు గీతలతో, వీసం స్థానంలోని అంకెలను అడ్డగీతలతో, కాని స్థానంలో మళ్లీ నిలువు గీతలతో రాసేవారు. గీత నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా అన్నదాన్ని బట్టి పక్కపక్క స్థానాలు కలిసిపోకుండా గుర్తుపట్టేవారు. మరి ఆ స్థానంలో ఏమీ లేకపోతే? అడ్డగీతల స్థానంలో మామూలు సున్న పెట్టేవారు. నిలువు గీతల స్థానంలో వేరే గుర్తు పెట్టేవారు, దాని పేరే హళ్లి.

కాబట్టి ఒకే లెక్కలో రెండు రకాల శూన్యాలు ఉండేవి. హళ్లి ఉండవలసిన చోట హళ్లి, సున్న ఉండవలసిన చోట సున్న పడితే, ఏ స్థానంలోనూ ఏమీ మిగలలేదని అర్థం. ఈ లెక్క తెలిస్తే సామెత ఎంత కచ్చితంగా మాట్లాడిందో తెలుస్తుంది. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో, 2008లో వెలువడిన 5.1 కూర్పులో ఈ భిన్నాంకెలకు స్థానం దొరికింది, హళ్లి గుర్తుకు 0సీ78 అనే సంకేతం ఇచ్చారు. తెలుగు భిన్నాంకెలున్న ఫాంటు మీ ఫోనులో ఉంటే, పక్కనే ఉన్న నిలువు గీతలతో సహా దాన్ని ఇప్పుడే చూడవచ్చు: ౸ ౹ ౺ ౻. మీ ఇంట్లో పాత లెక్కల పుస్తకాలో, తాటాకు కట్టలో ఉంటే వాటిలో కూడా ఈ గుర్తు ఉందేమో చూడండి, కనిపిస్తే ఆ పుట ఫోటో తీసి మాకు పంపండి.